కరువు భత్యం: కార్మికుడూ, యుద్ధమూ

చెన్నూరులో మా పాత ఇంటికి సున్నం వేయించడానికి సామానంతా వసారాలోకి చేర్చినప్పుడు, మా నాన్నగారి ట్రంకుపెట్టె అడుగున కొన్ని జీతం చీటీలు దొరికాయి. ఆయన గుమాస్తాగా పనిచేసిన రోజులవి. చీటీలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి గాని, మా అమ్మకు అర్థం కావడం కోసం కాబోలు, ఒక్కొక్క పద్దు పక్కన పెన్సిలుతో తెలుగు మాట రాసిపెట్టారు నాన్న. 1962 డిసెంబరు నాటి చీటీ మీద నా చూపు ఆగిపోయింది. కలిపిన పద్దుల్లో ఒకచోట "కరువు భత్యం" అని, తీసివేసిన పద్దుల్లో ఒకచోట "యుద్ధం చందా" అని రాసి ఉంది.

ముప్పై ఏళ్ళకు పైగా నేను కూడా ఉద్యోగం చేశాను. కరువు భత్యం పెరిగిందంటే సంతోషించాను, ఆలస్యమైతే విసుక్కున్నాను. ఆ మాట ఎక్కడ పుట్టిందో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. ఆ రెండు పెన్సిలు గీతల మధ్య ఏదో చుట్టరికం ఉన్నదని తోచి, నాకు తెలిసిన చరిత్రను ఒక వరుసలో పెట్టి చూసుకున్నాను. ఆ చూసుకున్నదే ఈ వ్యాసం.

మా కడప జిల్లా వారికి కరువు అంటే ఒకరు చెప్పవలసిన పనిలేదు. 1876-78 నాటి ధాత కరువు కథలు మా తాతల తరం దాకా నోటి మీద నడిచాయి. వాన రాకపోవడం, పెన్న ఎండిపోవడం, పశువులను తోలుకొని తరలిపోవడం: మాకు తెలిసిన కరువు అది. కాని జీతం చీటీలో ఉన్న కరువు మేఘాల వల్ల వచ్చినది కాదు. అది ఫిరంగుల వల్ల వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో బియ్యం, బట్ట, కిరసనాయిలు ధరలు పెరిగి జీతం చాలకపోయినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి కొన్ని మిల్లులలో మొదలైన అదనపు చెల్లింపు అది. రెండవ ప్రపంచయుద్ధంలో దేశమంతటా స్థిరపడింది. 1940లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కార్మికుల కరువు భత్యం వివాదంపై ప్రభుత్వం బి.ఎన్. రావు అధ్యక్షతన ఒక విచారణ సంఘాన్ని వేసింది. తరువాత రాజ్యాంగ రచనలో సలహాదారుగా పనిచేసిన బెనెగల్ నరసింగరావు గారే ఆయన. అంటే కరువు భత్యం అనేది యుద్ధం కార్మికుడి కంచంలోంచి తీసుకున్నదానికి లెక్కగట్టి తిరిగి ఇచ్చిన చిల్లర. తీసుకున్నదంతా ఎన్నడూ తిరిగి రాలేదు.

మరి కార్మిక సంఘాలు యుద్ధాన్ని గురించి ఏమన్నాయి? చిల్లర పెంచమని మాత్రమే అడిగాయా, అసలు యుద్ధమే వద్దన్నాయా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఉన్నదని చెప్పేవారిని నేను నమ్మను.

కడప జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ మద్రాసులోని పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు ఉండేవి. బిన్నీ కంపెనీ వారివి. తమిళులతో పాటు తెలుగువారు కూడా అక్కడ మగ్గాల దగ్గర పనిచేశారు. ఆ మిల్లుల ఖాకీ గుడ్డకు పెద్ద పేరు. మొదటి యుద్ధంలో సైనికులు తొడుక్కున్న ఖాకీలో కొంత పెరంబూరులో నేసినదే. ఖాకీ నేసినవాడికి మాత్రం బియ్యం అందలేదు. 1918లో మద్రాసు రాష్ట్రంలో ఎన్నోచోట్ల జనం ధాన్యపు కొట్లమీద పడ్డారు. ఆ సంవత్సరమే ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. మన దేశంలో క్రమపద్ధతిలో నడిచిన తొలి కార్మిక సంఘంగా దానిని లెక్కిస్తారు. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు గార్లు దానికి పునాది వేయగా, దివ్యజ్ఞాన సమాజానికి చెందిన బి.పి. వాడియా గారు అధ్యక్షులయ్యారు.

ఇక్కడే మొదటి చిక్కుముడి. భోజన విరామం చాలదని, పై అధికారులు చెయ్యి చేసుకుంటున్నారని, జీతం మీద బతకలేకపోతున్నామని కార్మికులు సమ్మెకు సిద్ధపడితే, వాడియా గారు వారిని వారించారు. సమ్మె వల్ల బిన్నీవారి జేబు మాత్రమే దెబ్బతింటే తనకు అభ్యంతరం లేదని, కాని సైనికులకు గుడ్డ అందకపోతే మిత్రపక్షాల యుద్ధయత్నానికి నష్టమని ఆయన వాదన. తొలి సంఘం తొలి సంవత్సరంలోనే యుద్ధం కోసం తన చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధాన్ని పక్కన పెట్టింది. వాడియా గారిని తప్పుపట్టడం ఇప్పుడు తేలిక. ఆయన కార్మికుల పక్షాన నిజాయితీగా నిలబడినవారే. తరువాత ఆ నేరానికే బిన్నీవారు ఆయనపై హైకోర్టుకెక్కారు. ఆ దావా రేపిన అలజడి నుంచే చివరకు 1926 కార్మిక సంఘాల చట్టం వచ్చింది.

అదే మిల్లులో 1921లో నెలల తరబడి పెద్ద సమ్మె జరిగింది. ఆ సమ్మె విరిగిపోవడానికి కారణాలలో కులం ఒకటి. ఆది ద్రావిడ కార్మికులలో చాలామంది సమ్మెలో కొనసాగలేదు. వారి నిలకడలేని బతుకుల గోడు సంఘం పట్టించుకోలేదు. పులియంతోపులో వారి గుడిసెలు తగులబడ్డాయి, పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. బయట న్యాయం అడిగే సంఘం తన లోపల న్యాయం చేయలేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే దృష్టాంతం అక్కరలేదు. "సామాజిక న్యాయం" అన్న మాటను కార్మికోద్యమం గురించి వాడేటప్పుడల్లా నాకు పులియంతోపు గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు ఒక తెలుగు విద్యార్థి దగ్గరకు వెళదాం. వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో పుట్టారు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. ఆయన వెళ్ళిన సంవత్సరమే ఆ నగరంలో యజమానులు వేలాది కార్మికులను పనిలోంచి గెంటివేసిన పెద్ద లాకౌటు జరిగింది. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది. లండనులో గాంధీగారిని కలుసుకొన్న గిరి, ఆయన కోరిక మీద రెడ్‌క్రాసు సేవకు ఒప్పుకొని, వెంటనే మనసు మార్చుకొన్నారు. సామ్రాజ్యం చేస్తున్న యుద్ధంలో, అది గాయాలకు కట్టుకట్టే పనే అయినా, తనకు పాత్ర వద్దనుకొన్నారు. గాంధీగారు ఆ మాట మన్నించి ఆయనను తిరిగి డబ్లిన్‌కు పంపారు.

డబ్లిన్‌లో అప్పుడు జేమ్స్ కానలీ ఉన్నాడు. రవాణా కార్మికుల సంఘం నాయకుడు. బ్రిటిషు రాజుకూ, జర్మను కైజరుకూ ఇద్దరికీ ఊడిగం చెయ్యబోమని తమ సంఘ భవనం మీద పెద్ద గుడ్డ కట్టించినవాడు. ఒక దేశపు కార్మికుడు ఇంకొక దేశపు కార్మికుణ్ణి చంపడం ఎవరి లాభం కోసమని అడిగినవాడు. 1916 ఈస్టరు తిరుగుబాటులో గాయపడి, మే 12న తుపాకి గుళ్ళకు బలి అయ్యాడు. కానలీ ప్రభావం తనమీద ఎంతటిదో గిరి గారు తరువాత స్వయంగా చెప్పుకొన్నారు. ఆ ఏడాదే ఐర్లండు విడిచిపెట్టవలసి వచ్చి ఆయన ఇంటికి చేరారు. యుద్ధాన్ని ఎదిరించే కార్మికోద్యమం తెలుగువారికి పుస్తకాలలో చదివి తెలిసినదని అనుకుంటాం గాని, మన వాడొకడు దానిని కళ్ళారా చూసి వచ్చాడు.

యుద్ధం ముగిశాక 1919 వర్సేల్స్ సంధిలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పాటయింది. దాని నియమావళి పీఠికలో చెప్పిన విషయం చాలా సూటిగా ఉంటుంది: సామాజిక న్యాయం పునాదిగా లేనిదే లోకంలో శాశ్వతమైన శాంతి నిలవదని. యుద్ధాన్నీ న్యాయాన్నీ ఒకే వాక్యంలో ముడివేసిన తొలి అంతర్జాతీయ పత్రాలలో అది ఒకటి. ఆ సంస్థకు ప్రతినిధిని పంపవలసిన అవసరం కూడా తోడై 1920 అక్టోబరు 31న బొంబాయిలో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడింది. ప్రథమాధ్యక్షులు లాలా లజపతిరాయ్ గారు తమ ప్రసంగంలో సామ్రాజ్యవాదమూ సైనికవాదమూ పెట్టుబడికి పుట్టిన కవల పిల్లలన్నారు. వాడియా గారి నాటి నుంచి రెండేళ్ళలో మాట ఎంత మారిందో చూడండి.

గిరి గారు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. ఆ రైలుమార్గం వాల్తేరు దాకా వచ్చేది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుల్లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు, వారి సంతతి ఈనాటికీ అక్కడ ఉన్నది. 1927లో ఆ వర్క్‌షాపుల్లో పెద్ద సమ్మె జరిగింది. 1926లోనూ, మళ్ళీ 1942లోనూ ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు ఆయన అధ్యక్షులు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. ఇక్కడి ప్రజాప్రతినిధులను ఒక్క మాటైనా అడగకుండా వైస్రాయి భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు. అక్టోబరు 2న బొంబాయిలో సుమారు 90,000 మంది కార్మికులు ఒకరోజు పని మానేశారు. జీతం కోసం కాదు, బోనసు కోసం కాదు, యుద్ధానికి నిరసనగా. ఆ మిల్లుల చుట్టూ వర్లీలోనూ, కామాటిపురాలోనూ తెలంగాణ పల్లెలనుంచి వలసపోయిన పద్మశాలీలు, కామాటీలు ఎన్నో తరాలుగా ఉంటున్నారు. కామాటిపురా అన్న పేరే ఆ తెలుగు కూలీల వల్ల వచ్చింది. ఆ రోజు మగ్గం ఆపిన చేతులలో తెలుగు చేతులు ఎన్నో లెక్కగట్టినవారు లేరు. కాని ఒక పూట కూలి పోతే పొయ్యి వెలగని ఇళ్ళవారు, తమకు నేరుగా సంబంధం లేదనిపించే విషయానికి ఆ పూట వదులుకున్నారు. నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు. ఆ నెలాఖరుకే మద్రాసులో రాజాజీ మంత్రివర్గం కూడా యుద్ధం విషయంలో రాజీనామా చేసింది. గిరి గారూ పదవి విడిచారు.

కాని ఆ ఐక్యత రెండేళ్ళు నిలవలేదు. ఫాసిజాన్ని ఓడించడమే మొదటి పని అని భావించిన ఎం.ఎన్. రాయ్ అనుయాయులు 1941లో ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌ను వేరుగా స్థాపించారు. యుద్ధ ప్రచారానికిగాను ఆ సంస్థకు ప్రభుత్వం నెలకు 13,000 రూపాయలు ఇస్తున్నట్లు తరువాత బయటపడింది. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ దేశం మీద పడ్డాక, కొద్ది నెలల్లోనే కమ్యూనిస్టులకు కూడా ఇది సామ్రాజ్యవాద యుద్ధం పోయి ప్రజాయుద్ధం అయింది. నిన్న సమ్మె చేయించినవారే నేడు ఉత్పత్తి ఆగరాదన్నారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం రాగా కాంగ్రెసు వారు జైళ్ళకు వెళ్ళారు. గిరి గారూ వెళ్ళారు. యుద్ధం గురించి ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఒక్కమాట మీదికి రాలేకపోయింది.

ఈ ఘట్టం గురించి మన తెలుగునాట ఎనభై ఏళ్ళుగా ఒకరినొకరు ద్రోహులనుకొంటూనే ఉన్నారు. నాకు తోచినంతలో, ఫాసిజాన్ని ఎదిరించాలన్నవారి మాటలో సత్యం ఉన్నది. పరాయి పాలకుడి యుద్ధానికి మేమెందుకు మూల్యం చెల్లించాలన్నవారి మాటలోనూ సత్యం ఉన్నది. తప్పు ఎక్కడంటే, ఈ నిర్ణయాలలో చాలా భాగం మగ్గం దగ్గర నిలబడినవాణ్ణి అడిగి తీసుకున్నవి కావు. అతనికి ఇవతలి పక్షమూ అవతలి పక్షమూ చెప్పినది ఒక్కటే: ఓర్చుకో. అతడు ఓర్చుకొన్నందుకు వచ్చినది కరువు భత్యం.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ ప్రశ్న ఇంకా కష్టమైంది. ఇప్పుడు యుద్ధం మన ప్రభుత్వానిది, సరిహద్దు మనది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, నవంబరు 3న యాజమాన్యాలూ కార్మిక సంఘాలూ కలిసి పారిశ్రామిక సంధి తీర్మానం చేశాయి. సమ్మెలు ఉండవు, పని ఆగదు, రక్షణ నిధికి చందాలు ఇవ్వాలి. మా నాన్న చీటీలోని "యుద్ధం చందా" అప్పటిదే. ఆయన దానిని ఇష్టంగానే ఇచ్చి ఉంటారు; ఆ రోజుల్లో మెడలోని బంగారం తీసి ఇచ్చినవారు కూడా ఉన్నారు. ధరలు పెరగనివ్వబోమని యజమానులవైపు నుంచి ఇచ్చిన మాట మాత్రం ఏమయిందో తరువాతి ఏళ్ళ ధరలే చెబుతాయి. సంధిలో ఒక పక్షం మాట నిలుపుకొన్నది.

ఇక 1974. ఆ ఏడు మే 8న దేశవ్యాప్తంగా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. సుమారు 17 లక్షలమంది. బోనసు, పనిగంటల తగ్గింపు, ధరలకు తగిన కరువు భత్యం వారి కోరికలలో ముఖ్యమైనవి. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2నే అరెస్టు చేశారు. మా జిల్లా మీదుగా పోయే గుంతకల్లు-రేణిగుంట మార్గంలో ముద్దనూరు, ఎర్రగుంట్ల, కమలాపురం స్టేషన్లు, ఆనాటి కడప జిల్లాలోని నందలూరులో బొగ్గు ఇంజన్ల షెడ్డు ఉండేవి. నందలూరు అంటే అప్పట్లో రైల్వేవారి ఊరు. దేశమంతటా వేలమందిని నిర్బంధించారు, వేలమందిని ఉద్యోగాలనుంచి తీసివేశారు, చాలాచోట్ల కుటుంబాలను క్వార్టర్లనుంచి వెళ్ళగొట్టారు. సమ్మె ఇలా నడుస్తుండగా, మే 18 ఉదయం పోఖ్రాన్ ఎడారిలో తొలి అణు పరీక్ష జరిగింది. మరునాటి నుంచి పత్రికలలో పతాక శీర్షికలు మారిపోయాయి. నెలాఖరుకు ముందే సమ్మె విరమించవలసి వచ్చింది.

ఆ సమ్మె కోసమే పరీక్ష జరిపారని నేను అనను. కాని ఒక దేశం తన బలాన్ని లోకానికి చాటుకొంటున్న వారంలో, ఆ దేశపు రైళ్ళు నడిపేవాడి పిల్లలు వీధిలో ఉండటం నాకు మరపుకు రాదు. ఇంకొక సంగతి కూడా. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది మరెవరో కాదు: డబ్లిన్‌లో కానలీ కాలపు కార్మికోద్యమాన్ని చూసి వచ్చిన, ఖరగ్‌పూర్ రైల్వే కార్మికులను నడిపించిన వి.వి. గిరి గారు. ఆ సమ్మె నాయకుడు ఫెర్నాండెజ్, ఒకప్పుడు అణ్వాయుధాలకు వ్యతిరేకి అని పేరుపొందినవాడు, 1998లో రెండవసారి పోఖ్రాన్ పరీక్షలు జరిగినప్పుడు దేశ రక్షణమంత్రి. వ్యక్తులను నిందించడానికి ఇది చెప్పడం లేదు. కార్మికుడి భుజం మీద నుంచి ఎదిగినవాడు కూడా రాజ్యపు కుర్చీలో కూర్చున్నాక రాజ్యపు భాషే మాట్లాడవలసి వస్తుంది. అందుకే సంఘం అన్నది వ్యక్తులకంటే ఎక్కువకాలం నిలవాలి. 1977లో ప్రభుత్వం మారాక తొలగించిన వారిని తిరిగి తీసుకొన్నారు, 1979లో రైల్వే కార్మికులకు బోనసు వచ్చింది. ఓడిపోయిందన్న సమ్మె అడిగినదే అది.

యుద్ధం మా ఊళ్ళ గడప దాకా వచ్చినది మాత్రం 1990లో. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుంచి కువైట్ వెళ్ళినవారు ఎందరో. డ్రైవర్లు, తాపీపనివారు, ఇళ్ళలో ఖద్దామాలుగా పనిచేసే ఆడవారు. ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగాయి. సుమారు 1,70,000 మంది భారతీయులను ఎక్కువగా జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాలలో తీసుకువచ్చారు. మా వీధికి తిరిగివచ్చిన ఒకావిడ చేతిలో ఒక గుడ్డసంచి తప్ప ఏమీ లేదు. రెండేళ్ళ జీతం అక్కడే ఉండిపోయింది. ఎవరిని అడగాలో ఆమెకు తెలియదు. ఆమెకు సంఘం లేదు, జీతం చీటీ లేదు, కరువు భత్యం లేదు. యుద్ధం ఆపమని సమ్మె చేసే హక్కు మాట అటుంచి, యుద్ధం తన దగ్గర తీసుకున్నదానికి లెక్క చెప్పుకొనే చోటు కూడా లేదు. కొద్ది కాలానికి ఆమె మళ్ళీ కువైట్ వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? చెన్నూరు చక్కెర కర్మాగారం సైతం తరువాతి కాలంలో మూతబడింది.

ఈ కథ ముగియలేదు. ఇజ్రాయెల్‌కు భారతీయ కార్మికులను పంపే ప్రయత్నాన్ని 2023 నవంబరులో కేంద్ర కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. పాలస్తీనా కార్మికుల స్థానంలో మన వారిని పెట్టడం అన్యాయమన్నాయి. 2024 ఫిబ్రవరిలో మన రేవు కార్మికుల సమాఖ్య ఒకటి ఆ యుద్ధానికి పోయే ఆయుధాల సరుకును తాము ఎత్తబోమని ప్రకటించింది. 1939 బొంబాయికి అది వారసత్వం. కాని అదే ఏడు హైదరాబాదులో ఇజ్రాయెల్ పనులకు ఎంపికలు జరిగితే తెలంగాణ జిల్లాలనుంచి మనవాళ్ళు వరుసలో నిలబడ్డారు. వారిని ఎవరు తప్పుపట్టగలరు? ఇక్కడ ఏడాదికి రానిది అక్కడ కొద్ది నెలల్లో వస్తుందంటే, బాంబుల మోత కూడా ఒక ఖర్చు పద్దుగానే కనిపిస్తుంది. సంఘం చేసిన తీర్మానమూ, వరుసలో నిలబడినవాడి ఆకలీ రెండూ నిజమే. ఇక్కడ పని చూపించకుండా అక్కడికి పోవద్దని చెప్పడం సగం మాట. 1919 నాటి ఆ పీఠిక చెప్పినది ఇదే: న్యాయం లేకుండా శాంతి లేదు. దానిని తిరగవేసి కూడా చదువుకోవాలి: కూలివాడికి ఇంటి దగ్గర న్యాయం ఉంటే, ఇతరుల యుద్ధం అతణ్ణి కొనలేదు.

మా నాన్నగారి చీటీని మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టలేదు. దానిని నా పుస్తకాల మధ్య దాచుకొన్నాను. కరువు భత్యం ఎంతో, యుద్ధం చందా ఎంతో లెక్కచూశాను. ఆ నెలలో చందాయే ఎక్కువ. నాన్న ఆ రెండు అంకెల కింద పెన్సిలుతో ఒక చిన్న గీత గీసి, తేడా వేసి పెట్టారు. ఎందుకు వేశారో అడుగుదామంటే ఆయన లేరు. మీ ఇళ్ళలో కూడా అటువంటి కాగితాలుంటే, చెదలకు వదిలేముందు ఒకసారి చదవండి.